నేత్రనాడుల త్రోవ జూపిన కహాల్

మెల్లకన్నుతో బుట్టిన శిశువు అదృష్టజాతకుడను నమ్మకము మన పల్లెలనుండి నేటికిని పూర్తిగ తొలగిపోలేదు. పసిబిడ్డ కంటిపాపలో తెల్లనిపొర కానవచ్చినను, బిడ్డ కొంత పెరిగి బలము పుంజుకొనిన పిదప వైద్యునకు చూపుదమని యింటి పెద్దలు కాలయాపన చేయుచుందురు. కన్ను ఎప్పుడు బాగుపడిన నప్పుడే చూపు వచ్చునని వారి తలంపు. కాని చూపు కంటితో ముగియునది కాదు. కంటినుండి మెదడునకు బోవు త్రోవ యొకటి కలదు. ఆ త్రోవ గర్భమునందు మొదలై శైశవమునందు దిట్టపడవలసినది. ఆ కాలము దాటిపోయినచో, కన్ను నిర్మలమైనను చూపు మందగించియే యుండును. ఈ సత్యము ఒక్కనాట తెలియవచ్చినది కాదు. దానికి పునాది వేసిన మహాపురుషులలో అగ్రగణ్యుడు స్పెయిన్ దేశీయుడగు శాంతియాగో రామోన్ ఇ కహాల్. మెట్టసీమలోని యొక కొండపల్లెలో, కలిమిలేని యింట, శాస్త్రపరిశోధన కాదరణ లేని దేశమున బుట్టి, లోకమునకు గురువైన ఆయన చరితము కర్నూలు, కడప సీమలవారికి మిక్కిలి తెలిసికొనదగినది.

కహాల్ 1852వ సంవత్సరము మే 1వ తేదీన స్పెయిన్ ఉత్తరభాగమునగల పెటీయా గ్రామమున జన్మించెను. తండ్రి హుస్టో రామోన్ పల్లెవైద్యుడు. పేదరికమునుండి స్వయంకృషిచే పైకివచ్చినవా డగుటచే, కుమారుడును వైద్యుడే కావలెనని ఆయన పట్టుదల. బాలునకో, చిత్రలేఖనముపై తప్ప దేనిపైనను మనసు నిలువకుండెను. కాగితము దొరికిన కాగితముపై, గోడ దొరికిన గోడపై బొమ్మలు గీయుటయే పని. తండ్రి దృష్టిలో అది పొట్టగడవని సోమరివిద్య. అయెర్బె గ్రామమున దేవాలయపు గోడలకు సున్నము పూయవచ్చిన యొక పనివానికి ఆ బొమ్మలు చూపి, తండ్రి తీర్పు కోరెను. ఈ బాలునకు చిత్రకళ యబ్బదని ఆ సున్నపుపనివాడు తేల్చిచెప్పెను. ఆ నాటితో రంగులును, కుంచెలును మూలబడెను. ఒక చేతిపనివాని మాటపై ఒక బాలుని భవిష్యత్తు నిర్ణయమయ్యెననుట మనకు వింతగా దోచును గాని, మన యిండ్లలోను ఇట్టి తీర్పులు నిత్యము జరుగుచునే యున్నవి.

పిదప హాకా పట్టణమున మతగురువులు నడపు పాఠశాలలో చేర్పించిరి. అచట బెత్తమే బోధకము. తిండి మాన్పించి గదిలో బంధించుటయే శిక్ష. వల్లెవేయుట చేతగాని యా బాలుడు మరింత మొండివాడయ్యెను. పదునొకండేండ్ల ప్రాయమున స్వయముగ నొక ఫిరంగిని తయారుచేసి, పొరుగువాని తోటతలుపును బ్రద్దలుకొట్టి, కొన్నిదినములు చెరలోనుండెను. విసిగిన తండ్రి అతనిని మంగలివద్దను, చెప్పులుకుట్టువానివద్దను పనికి పెట్టెను. చెప్పులు కుట్టుటయందు బాలుడు మంచి నేర్పు సంపాదించెను. ఆ చేతినేర్పే తరువాత సూక్ష్మదర్శిని క్రింద వెండ్రుకకంటె సన్నని తంతువులను ప్రత్యేకించి చూపుటకు అక్కరకు వచ్చినదని చెప్పుట అతిశయోక్తి కాదు.

తండ్రికొడుకులకు సామరస్యము కుదిరిన స్థలము శ్మశానము. 1868 వేసవిలో తండ్రి కుమారుని వెంటబెట్టుకొని పాతగోరీలకు బోయి, బయటపడిన యెముకలను ఏరితెచ్చి, వానిని చూచి బొమ్మలు గీయుమనెను. అంతవరకు నిషిద్ధమైన చిత్రలేఖనము ఇప్పుడు శరీరశాస్త్రమునకు సాధనమయ్యెను. బాలుడు ఎముకలను గీయుచు గీయుచు వైద్యవిద్యార్థి యయ్యెను. 1873లో సారగోసా విద్యాలయమున పట్టము నందెను.

మరుసటి సంవత్సరమే సైన్యవైద్యుడుగా క్యూబా ద్వీపమునకు బోవలసివచ్చెను. ఆ ద్వీపము అప్పుడు స్పెయిన్ పాలననుండి విముక్తికై పోరాడుచుండెను. పరదేశము నణచియుంచుటకై పంపబడిన ఆ సైన్యముయొక్క నిజస్వరూపము ఆ యువకునకు ఆసుపత్రిలోనే తెలియవచ్చెను. రోగులకు జేరవలసిన యాహారమును అధికారులు అపహరించుచుండుట చూచి యెదిరించి, వారి కోపమునకు పాత్రుడయ్యెను. చలిజ్వరము, రక్తవిరేచనములు ఆయనను కృశింపజేసెను. 1875లో ఎముకలగూడై యిల్లుచేరెను. సైన్యమునందు దాచుకొనిన కొద్దిపాటి సొమ్ముతో ఆయన కొనినది పొలము కాదు, ఇల్లు కాదు, ఒక సూక్ష్మదర్శిని. ఇంటియందే ప్రయోగశాల నేర్పరచుకొనెను. 1878లో నోట రక్తము పడి క్షయరోగము బయల్పడగా బ్రతుకుపై యాశ విడిచెను. కాని కొండప్రాంతమున విశ్రమించి కోలుకొనెను. 1879లో సిల్వేరియాను వివాహమాడెను. అల్పాదాయముతో పెద్దసంసారమును ఈదుచు, భర్త పరికరములకును ప్రచురణలకును సొమ్ము మిగిల్చిన యా యిల్లాలిని మరచి ఆయన చరిత్ర వ్రాయుట న్యాయము కాదు.

వాలెన్సియా విద్యాలయమున ఆచార్యుడుగా నుండగా, 1885లో ఆ పట్టణమును కలరా ముట్టడించెను. కహాల్ తన నాడీపరిశోధనలను విడిచి, ఆ రోగకారణమును శోధించి సారగోసా మండలమువారికి నివేదిక సమర్పించెను. వారు కృతజ్ఞతతో జర్మనీయందు తయారైన యుత్తమ సూక్ష్మదర్శినిని ఆయనకు బహూకరించిరి. ప్రజలకు జేసిన సేవకు ప్రజల సొమ్ముతో వచ్చిన యా పరికరమే ఆయనను ప్రపంచశాస్త్రజ్ఞుల సరసన నిలిపెను.

ఆ కాలమున మెదడు ఎట్లు నిర్మింపబడియున్నదను విషయమున గొప్పవివాద ముండెను. నాడులన్నియు నొకదానితో నొకటి యతికిపోయిన యఖండమైన వలయని పెక్కుమంది పండితుల మతము. ఇటలీదేశపు గోల్జీ 1873లో నొక వర్ణవిధానమును గనిపెట్టియుండెను. మెదడుముక్కను పొటాసియం డైక్రోమేటునందును, పిదప వెండిలవణపు ద్రావకమునందును నానబెట్టినచో, వేలకొలది కణములలో కొన్ని మాత్రమే నల్లబడి, పసుపుపచ్చని నేలపై కాటుకతో గీసినట్లు స్పష్టముగ గాన్పించును. ఇంత మేలైన విధాన మున్నను, నిలకడగా ఫలింపదని పలువురు దానిని విడనాడిరి. 1887లో మాడ్రిడ్ నగరమున సిమార్రో అను వైద్యుడు కహాలునకు ఆ ముక్కలను చూపెను. బాల్యమున బొమ్మలకై పరితపించిన కంటికి అది కన్నులపండువ యయ్యెను. అదే యేట బార్సిలోనాకు మారి, ముక్కలను రెండుమార్లు నానబెట్టి ఆ విధానమును మెరుగుపరచెను.

అంతకంటె గొప్పది ఆయన కనిపెట్టిన యుపాయము. ఎదిగిన జంతువు మెదడు దట్టమైన యడవివంటిది. ఏ కొమ్మ యేచెట్టుదో తెలియదు. అడవిని తెలియవలెననిన మొలకలతోపును జూడవలెనుగదా! కహాల్ పక్షులయొక్కయు, క్షీరదములయొక్కయు పిండములను, అప్పుడే పుట్టిన పిల్లలను పరీక్షించెను. వానియందు నాడీతంతువులు పొట్టివి, వానిపై క్రొవ్వుతొడుగు ఇంకను ఏర్పడియుండదు. 1888లో ఆయన చూచినది స్పష్టము: ప్రతి నాడీకణము వేరువేరు, ఒకదాని తంతువు రెండవదానిని తాకవచ్చునేగాని, దానిలో గలసిపోదు. ఈ సంగతిని లోకమునకు దెలుపుటకు తన ఖర్చుతోనే పత్రిక నచ్చొత్తించి 60 ప్రతులను పరదేశ పండితులకు పంపెను. ఆయన భాష చదువువారే యరుదు, జవాబులు రాలేదు. 1889లో తన సొమ్ముతో బెర్లినుకు బోయి, శరీరశాస్త్రజ్ఞుల సభలో బల్లపై సూక్ష్మదర్శినినుంచి, వచ్చీరాని ఫ్రెంచిలో తన ముక్కలను చూపెను. వృద్ధపండితుడగు కొల్లికర్ వంగిచూచి, తన పూర్వమతమును విడిచి, ఆయన పక్షము వహించెను. ఆనాటినుండి కహాల్ ఐరోపాయంతట విఖ్యాతుడయ్యెను.

ఆ విజయముల నడుమనే బార్సిలోనాయందు ఒక చిన్నకుమార్తె మెదడుపొరల జబ్బుచే మరణించెను. తల్లి బిడ్డప్రక్కన నుండగా తండ్రి సూక్ష్మదర్శినిముందు నుండెనని చరిత్రకారులు వ్రాసిరి. శాస్త్రము కొందరివద్ద నెంతటి వెల పుచ్చుకొనునో ఇది తెలుపును. దీనిని పొగడుటకు మనకు నోరు రాదు; దాచుటయు తగదు.

1890లో కోడిపిండముయొక్క వెన్నుపామునందు ఆయన మరియొక వింతను గనెను. పెరుగుచున్న ప్రతి నాడీతంతువుయొక్క మొన శంకువువలె నుబ్బి, చిన్నచిన్న వ్రేళ్లవంటి కాళ్లను చాచియుండెను. మన రైతులు దీనికి పోలిక చేనియందే చూడవచ్చును. వేరుశనగపూత రాలినపిదప ఊడ బయలుదేరి, గాలిలో నూగక, నేలను వెదకికొని దిగి, మన్నులో గుచ్చుకొని కాయగట్టును. నాడీతంతువుయొక్క మొనయు నట్లే తన గమ్యమును వెదకికొనుచు పోవును. గమ్యమునుండి వెలువడు రసాయనద్రవ్యమేదో దానిని పిలుచుచున్నదని 1892లో ఆయన ఊహించెను. చచ్చిన కణజాలపు ముక్కలో నిశ్చలముగనున్న రూపమును జూచి, జీవించియున్నప్పటి నడకను మనోనేత్రమున గాంచుట సామాన్యము కాదు.

ఈ జ్ఞానమునంతయు ఆయన నేత్రమునకు వర్తింపజేసెను. 1893నాటి ఆయన గ్రంథము నేత్రపటలమునందలి కణములను పొరపొరగా విప్పిచూపెను. వెలుతురును గ్రహించు కణములనుండి సమాచారము లోపలికణములకు బోయి, అచటినుండి దృక్‌నాడిద్వారా మెదడునకు బోవునని బాణపుగుర్తులతో గీసెను. రెండుకన్నుల నాడులును మెదడుక్రింద నొక కూడలివద్ద గలియును. మనుష్యులందు ప్రతికంటి తంతువులలో ముక్కువైపు సగమునుండి వచ్చినవి అచట ఆవలి ప్రక్కకు దాటును. చెవివైపు సగమువి తమ ప్రక్కనే సాగును. ఈ దాటుట ఎందులకని కహాల్ 1898లో విచారించెను. కంటికటకము బింబమును తలక్రిందు చేయును గావున, రెండు సగములును మెదడునందు చక్కగ నతుకుటకే యీ యేర్పాటని చెప్పెను. నేటి శాస్త్రజ్ఞులు ఆ కారణమును పూర్తిగ నంగీకరింపరు. అయినను ప్రశ్నను సరిగా వేసినవాడు ఆయనయే.

ఆ కూడలి దాటినపిదప తంతువులలో నెక్కువభాగము థాలమస్ అను పర్యంకమునందు, మోకాలివలె వంగిన యొక చిన్నగుబ్బవద్ద నాగును. అదియే మజిలీ. అచటి కణములు సమాచారము నందుకొని, తలవెనుకభాగమునందలి మస్తిష్కవల్కలమునకు అందించును. మనుష్యునియందు ఆ గుబ్బలో ఆరుపొరలు కలవు; మూడు ఒక కంటివి, మూడు రెండవకంటివి. రెండుకన్నుల సమాచారము అచట కలగాపులగము గాకుండ వేరువేరుగ నిలుచును.

కహాల్ స్వదేశమును మరచిన పండితుడు కాడు. 1898లో స్పెయిన్ క్యూబాను, ఫిలిప్పీనును గోల్పోయినప్పుడు దేశీయులు కుంగిపోయిరి. పోయిన రాజ్యములకై వగచుట మాని, దేశీయుల బుద్ధిని సాగుచేయుడని ఆయన బోధించెను. పరిశోధన పరదేశీయుల జన్మహక్కు కాదని, దిట్టమైన సంకల్పమున్న యే యువకునికైనను సాధ్యమని చెప్పుచు గ్రంథము రచించెను. ప్రభుత్వము తనకై నెలకొల్పిన ప్రయోగశాలయందు 10,000 పెసేటాల జీత మీయబోగా, అది యధికమని 6,000కు తగ్గించుకొనెను. మంత్రిపదవి నొల్లకపోయెను. 1906లో నోబెలు బహుమానము ఆయనకును, గోల్జీకిని కలిపి యీయబడెను. ఆ సభయందే గోల్జీ నాడీకణముల వేర్పాటు సిద్ధాంతమును ఖండించుచు నుపన్యసించెను. ఒకని సాధనముతో మరియొకడు సత్యమును గనెను. సాధనకర్త మాత్రము తుదివరకు నమ్మలేదు.

ఆయనయందును లోపము లేకపోలేదు. శిష్యవర్గమునందలి రియో ఓర్టేగా 1919లో మెదడునందు మైక్రోగ్లియా యను సూక్ష్మకణజాతిని వివరించెను. గురువు గారి యభిప్రాయములతో అది పొసగలేదు. మనస్పర్థలు పెరిగి 1920లో కహాల్ అతనిని ప్రయోగశాలనుండి వెడలగొట్టెను. వలసిద్ధాంతమును పట్టువదలని గోల్జీకి గలిగిన బలహీనత తనకును గలుగవచ్చునని ఆయన గమనింపలేకపోయెను. 1934 అక్టోబరు 17న మాడ్రిడ్ నగరమున ఆయన పరమపదించెను.

ఆయన వదలిన ప్రశ్నలకు సమాధానములు పిదప నొక్కొక్కటిగ లభించెను. రోజర్ స్పెర్రీ 1940 ప్రాంతమున కప్ప మొదలగు జంతువుల కన్నులను తలక్రిందుగ త్రిప్పియుంచెను. నాడులు తెగి మరల పెరిగి తమతమ పూర్వస్థానములకే చేరెను. పైన కీటకమున్నచో కప్ప క్రిందికి నోరుచాపెను. ప్రతితంతువు తన గమ్యమును రసాయనపు గుర్తుచే గుర్తించునని 1963లో ఆయన సిద్ధాంతీకరించెను. అట్టి గుర్తుపదార్థములు 1990 తరువాత బయల్పడెను. కహాల్ ఊహ వ్యర్థము కాలేదు.

కాని రసాయనము త్రోవను చూపునేగాని, పూర్తిచేయదు. తంతువులు పర్యంకమునకు జేరిన క్రొత్తలో రెండుకన్నులవియు నొకదానిలో నొకటి చొచ్చుకొనియుండును. పిదప ఎడబాయును. కన్నులు తెరువని, వెలుతురు సోకని కాలమునందే నేత్రపటలమునందలి కణములు తమంతట తాము అలలవలె స్పందించునని 1988లోను, 1991లోను జంతువులయందు రుజువయ్యెను. ఒకకంటి కణములు ఒక్కటిగ స్పందించును, రెండవకంటివి వేరొకప్పుడు స్పందించును. ఆ భేదమునుబట్టియే పొరలు విడివడును. స్పందన నడ్డగించినచో పిల్లులయందు ఆ విభజన జరుగలేదు. చుంచెలుకలయందు తొలుత పర్యంకముయొక్క ఒక్కొక్కకణమునకు పదింటికిపైగ నేత్రతంతువులు సంబంధించియుండి, తుదకు ఒకటి మొదలు మూడువరకే బలపడి మిగులును. మిగిలినవానిని తొలగించువారిలో మైక్రోగ్లియా కణములు కలవని 2012లో ఇదే గుబ్బయందు స్పష్టమయ్యెను. గురువు వెడలగొట్టిన శిష్యుని కణములే గురువుగారి నేత్రమార్గమును చక్కదిద్దుచున్నవి!

ఇక కన్ను తెరచినపిదప సంగతి. హ్యూబెల్, వీసెల్ అను శాస్త్రజ్ఞులు 1963లో పిల్లికూనల యొకకంటిని కొన్నినెలలు మూసియుంచి, పిదప తెరచిరి. కన్ను చెడలేదు, నేత్రపటలము బాగుగనే యున్నది. కాని పర్యంకమునందు ఆ కంటిపొరల కణములు కుదించుకుపోయెను. మస్తిష్కవల్కలమునందలి కణములు ఆ కంటికి దాదాపు బదులీయవయ్యెను. ఎదిగిన పిల్లికి ఇట్లే చేసినచో అట్టిహాని కలుగలేదు. ఈ పరిశోధనలకు వారికి 1981లో నోబెలు బహుమానము లభించెను.

సుంకేసులవద్ద తుంగభద్రనుండి బయలుదేరు కర్నూలు–కడప కాలువ క్రింద సేద్యము చేయువారికి దీని భావము వేరుగ జెప్పనక్కరలేదు. ఒక తూమునుండి రెండు పిల్లకాలువలు పోవుచుండగా, ఒకదానిలో కొన్నేండ్లు నీరు పారనిచో అది పూడిపోవును, గట్టు చెదరును, దాని క్రింది భూమిని రెండవకాలువవారు కలుపుకొందురు. పిదప తూమెత్తిన నేమి లాభము? కంటి విషయముననైతే ఆ కొన్నేండ్లు శైశవము. కన్ను తూము, పూడినది మెదడునందలి కాలువ.

కావున మన గృహస్థులు గమనింపవలసిన దేమనగా: పుట్టిన శిశువు కంటిపాప తెల్లగా గాన్పించినచో ఒక్కదినమును జారవిడువరాదు. అట్టిది దట్టమైన శుక్లమైనచో పుట్టిన ఆరు మొదలు పది వారముల లోపల చికిత్స జరుగుట యుత్తమము. అది శుక్లముకంటె ప్రమాదకరమగు కంతియైనను కావచ్చును. నాలుగుమాసములు దాటినపిదపయు మెల్లకన్ను నిలిచియున్నచో అది అదృష్టము కాదు, చూపు పోవుటకు సూచన. రెండుకన్నుల శక్తియందు తేడాయున్న బాలునకు అద్దములిచ్చి, మంచికంటిని దినమునకు కొంతసేపు కప్పి, బలహీనమైన కంటిచే పనిచేయించుట ఏడెనిమిదేండ్ల లోపల మిక్కిలి ఫలించును. వయసు మీరినవారు నిరాశ చెందనక్కరలేదు. పుట్టుగ్రుడ్డివారైన పెద్దపిల్లలకు 2000 తరువాత ఢిల్లీయందు శస్త్రచికిత్స జరుపగా, పలువురికి పనికివచ్చు చూపు లభించెను. అయినను తొలినాళ్లలో దక్కవలసిన తీక్షణత వారికి దక్కలేదు. కర్నూలునందు ప్రభుత్వ నేత్రవైద్యశాల యున్నది. బస్సుకూలికి వెరచియో, జాతకమును నమ్మియో బిడ్డ కంటిత్రోవను పూడనిచ్చుట తగునా?

ఒక సున్నపుపనివాని మాట విని తండ్రి కుమారుని కుంచెను లాగికొనెను. ఆ తండ్రియే కొన్నేండ్లకు తన తప్పును దిద్దుకొని, శ్మశానమున మరల దాని నతనిచేతి కిచ్చెను. అప్పటికి కాలము మించిపోలేదు గనుక లోకమునకు కహాల్ దక్కెను. పసిబిడ్డ కంటివిషయమున మాత్రము దిద్దుకొనుటకు అంత గడువు లేదు.